ముందు మొహం

మొహం ఒకరిది, మాట ఇంకొకరిది. ఆ రెంటినీ అతికించే ఉద్యోగంలో మొహమాటం పనికిరాదని బాబాయ్ అందరికీ చెబుతుంటాడు. చెప్పి, ఎదుటివాళ్లు నవ్వేదాకా ఆగుతాడు. నవ్వకపోతే మళ్లీ చెబుతాడు, ఈసారి చేత్తో మొహాన్నీ నోటినీ విడివిడిగా చూపించి మరీ.

ఆఫీసంటే రెండో అంతస్తులో మూడు గదులు. మొదటి గది మేడమ్‌ది, కంపెనీ కూడా ఆవిడదే. చివరి గదిలో కెమెరా, తెల్లగొడుగుల్లాంటి దీపాలు, ఎత్తు కుర్చీ ఉంటాయి. మధ్య గదిలో బాబాయ్, బొమ్మల పిల్ల ఎదురెదురుగా కూర్చుంటారు. కంపెనీ తయారుచేసే క్రీములూ, పౌడర్లూ, పెదవి రంగులూ జనం ఫోన్లలో తళుక్కుమనేలా చెయ్యడం వీళ్లిద్దరి పని. బొమ్మ పిల్లది, మాట బాబాయ్‌ది. జుట్టు నెరిసినవాడు ఆఫీసు మొత్తానికీ తనొక్కడే కావడంతో అందరికీ బాబాయ్ అయిపోయాడు. మేడమ్‌కి మాత్రం బాబాయ్ గారు.

వారం మొదట్లోనే బాబాయ్ వారానికి సరిపడా మాటలు రాసేసి, కంప్యూటర్లో 'మాటల డబ్బా' అని పేరు పెట్టుకున్న చోట పడేస్తాడు. ఏ మాట ఏ బొమ్మకి చేరుతుందో అతనికి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఫోటోలు తర్వాత తీస్తారు. తీశాక బొమ్మల పిల్ల డబ్బాలో చెయ్యి పెట్టి, నప్పినది ఏరి, పైన పెద్ద అక్షరాల్లో మాట, కింద బొమ్మ పెట్టి వదులుతుంది. 'ముందు బొత్తాలు కుట్టేసి తర్వాత చొక్కా గుడ్డ కొన్నట్టుందిరా మీ యవ్వారం' అని బాబాయ్ అక్క ఒకసారి అంది. అక్కది కుట్టుపని. లోకాన్నంతా ఆవిడ టేపుతోనే కొలుస్తుంది.

అంతటితో బాబాయ్ పని అయిపోదు. పోస్టు వదిలాక దాని కింద ఒక్క వ్యాఖ్యా లేకపోతే చూసేవాళ్లు ఆగరు, ఖాళీ హోటల్లోకి ఎవరూ అడుగు పెట్టనట్టే. అందుకని మొదటి వ్యాఖ్యలు బాబాయే రాస్తాడు, లేని ఆడవాళ్ల పేర్లతో. 'పక్కింటి పిన్ని' ప్రతిదానికీ బుగ్గలు నొక్కుకుంటుంది. 'కాలేజీ కోతి' ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంది. 'నిర్మొహమాటం' అనే ఆవిడకి దేనిమీదా నమ్మకం ఉండదు, తర్వాత వాడి చూసి లెంపలేసుకుంటుంది.

"ముగ్గురాడవాళ్లని ఇక్కడ పోషిస్తున్నాను, ఇంట్లో ఒకావిణ్ణి పోషించడానికే నా నడుం విరిగిపోతోంది," అనేవాడు బాబాయ్.

"ఇంట్లో పిన్ని గారు వింటే ఆ మిగిలింది కూడా విరుస్తారు," అనేది బొమ్మల పిల్ల.

ఆ వారం అమ్మవలసింది మంగుమచ్చల్ని కప్పే కొత్త క్రీము. బాబాయ్‌కి చేతినిండా సరుకు దొరికింది. మంగుకి ఇక మంగళం, రంగులో ఉంది హంగు, అంటూ పుంఖానుపుంఖాలుగా పొంగించాడు. బుగ్గకి పెట్టేదాన్ని చెంపపెట్టు అనాలని కూడా రాసి, తనే కొట్టేశాడు. అలా గోళ్లు కొరుక్కుంటుంటే ముందురోజు సాయంత్రం అక్క కొట్లో చూసిన నిలువుటద్దం గుర్తొచ్చింది. దాని పక్క స్క్రూ ఏనాడో వదులైపోయింది. ఎవరైనా ఎదురుగా నిలబడగానే కీచుమని మూలిగి, మెల్లగా గోడవైపు మొహం తిప్పేసుకుంటుంది. అక్క దాన్ని అలిగిన ఆడపడుచు అంటుంది. బిగిస్తానని బాబాయ్ ఎన్నోసార్లు మాట ఇచ్చాడు. మాట ఇవ్వడమే కదా అతని వృత్తి.

'మీరు ఎదురుగా నిలబడితే అద్దమే పక్కకి తిరిగిపోతోందా?' అని రాసి డబ్బాలో పడేశాడు. రాశాక తనకి తనే కిసుక్కున నవ్వుకున్నాడు.

మధ్యాహ్నం మేడమ్ మధ్య గదిలోకి వచ్చి, బొమ్మల పిల్ల బల్ల అంచు మీద కూర్చుంది.

"ఈసారి అసలు మొహం కావాలి. పోయినసారి మోడల్‌కి మచ్చ గీసి పరువు పోగొట్టుకున్నాం."

పోయినసారి పెన్సిలుతో గీసిన మచ్చ ఒక ఫోటోలో ఎడమ బుగ్గ మీదా, మరో ఫోటోలో కుడి బుగ్గ మీదా తేలింది. జనం దానికి 'వలస మచ్చ' అని పేరు పెట్టి ఆడుకున్నారు. ఆ పేరు తను పెట్టనందుకు బాబాయ్ లోలోపల కుళ్లుకున్నాడు కూడా.

"నిజంగా మంగు ఉన్న మనిషి. మామూలు మనిషి. ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో. ఎవరైనా ఉన్నారా మీకు తెలిసి?"

ఖాళీగా ఉన్న ప్రశ్నని చూస్తే బాబాయ్ ఊరుకోలేడు.

"మా అక్క ఉంది," అన్నాడు.

అక్క కొట్టు వీధి మలుపులో ఉంటుంది, ఒక తలుపూ ఒక కిటికీ వెడల్పున. బాబాయ్ వెళ్లేసరికి ఆవిడ ఒక కోటు చేతిని కొట్లోని చెక్కబొమ్మ భుజానికి తగిలించి, నోట్లో గుండుసూదులు పట్టుకుని, దూరం జరిగి చూస్తోంది. ఆవిడ రెండు బుగ్గల మీదా, ముక్కు వంతెన మీదుగా, మంగు పరుచుకుని ఉంది. ఎండలో చాలాకాలం వేలాడిన గుడ్డకి మడతల దగ్గర మిగిలిపోయే ముదురు రంగులా ఉంటుంది అది. ఇంట్లో ఎవరు ఫోటో దిగుతున్నా ఫోన్ అక్క చేతిలోనే ఉంటుంది. మీరు నిలబడండి, నేను తీస్తాను అంటుంది. చాలా ఏళ్ల ఫోటోల్లో అక్క అంటే నేలమీద పడ్డ నీడ మాత్రమే.

సంగతి విని అక్క సూదుల్ని నోట్లోంచి ఒక్కొక్కటిగా తీసి మెత్త మీద గుచ్చింది. అన్నీ అయ్యాకే మాట్లాడింది.

"నా మొహమా. ఎందుకురా, జనాన్ని జడిపించడానికా?"

"జడిపించడానికి మా మేడమ్ ఉందిగా. నువ్వు మురిపించడానికి."

"నిజంగా పోతాయా ఇవి?"

"పోవు. కనిపించవు."

"అది చాల్లే," అంది అక్క. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "ఒరే, ముందుదీ తర్వాతదీ రెండూ నావే వేస్తారుగా?"

మేడమ్‌ని ఆ మాట అడగాలని బాబాయ్‌కి తట్టనే లేదు.

"మరెవరివి వేస్తారే? ముందు నువ్వూ, తర్వాత నేనా?" అన్నాడు.

అక్క నవ్వింది. అంతలో అద్దం కీచుమని గోడవైపు తిరిగింది. "దీన్ని బిగిస్తానన్నావు," అంది. "ఫోటో అవ్వనీ, రెండూ కలిపి చేసేద్దాం," అన్నాడు బాబాయ్.

ఫోటో రోజున అక్క కొట్టు మూసేసి, తను కుట్టుకున్న నీలం గౌనులో వచ్చింది. గౌను మెడ దగ్గర సన్నటి తెల్లదారంతో అల్లిక ఉంది. అది వేళ్లతో తడుముకుంటూ ఎత్తు కుర్చీ ఎక్కింది. కుర్చీ వెనక వేలాడుతున్న తెల్లగుడ్డ అంచు చూసి, "మడవకుండానే తగిలించారే," అంది ఎవరితోనూ కాకుండా.

"ముందు ఒకటి తీద్దామండీ, వెలుతురు చూసుకోవడానికి," అన్నాడు కెమెరా అతను. మొహం కడుక్కోమన్నాడు, తుడుచుకోవద్దన్నాడు. దీపాన్ని ఎదురుగా కాకుండా పక్కకి లాగి, కిందికి దించాడు. అలా పెడితే ప్రతి మచ్చకీ ఇంకో నీడ పుడుతుంది. "నవ్వకండి. నోరు మామూలుగా ఉంచండి. ఇంకా మామూలుగా." అక్కకి అంతకన్నా మామూలుగా ఎలా ఉండాలో తెలీక నిద్రలేచినట్టు చూసింది. కెమెరా చకచకా కొట్టుకుంది.

తర్వాత మేకప్ ఆవిడ కొత్త క్రీము మూత తీసింది. ఒక పూత పూసి ఆరనిచ్చింది, దానిమీద ఇంకోటి. స్పాంజి ముక్కతో అద్దుతూ, తల వంచి చూస్తూ, అద్దుతూ పోయింది. మంగు మునిగింది కానీ బుగ్గలు బూడిదరంగుకి తిరిగాయి. పెదవుల పక్కన సన్నగా పగిలింది కూడా. దీన్ని ఇంగ్లీషులో ఫౌండేషన్, అంటే పునాది, అంటారట, పునాది వదులైతే గోడలకే కాదు బుగ్గలకీ బీటలే అన్నాడు బాబాయ్. మేకప్ ఆవిడ నవ్వలేదు. తన సొంత సంచిలోంచి పేరు చింపేసిన సీసా ఒకటి తీసి, అందులోది కలిపి, చాలాసేపు కష్టపడింది. చివరికి అక్కకి చేతి అద్దం ఇచ్చింది.

అక్క అద్దాన్ని దగ్గరికి తెచ్చుకుంది, దూరంగా పెట్టింది, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది. వేలితో బుగ్గని ముట్టుకోబోయి, చెడిపోతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది.

గది ఇంకో మూల మేడమ్, కెమెరా అతను తెరమీదికి వంగి చూస్తున్నారు. బాబాయ్ టీ కప్పుతో అటు నడిచాడు.

"బూడిద పూసినట్టుంది. ఇది పెడితే కొనేవాళ్లు కూడా పారిపోతారు," అంది మేడమ్ గొంతు తగ్గించి. "ముందుది మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాతదానికి మన మోడల్ ఉందిగా."

"ఇద్దరి మొహాలూ వేరు కదా మేడమ్," అన్నాడు కెమెరా అతను.

"సగం సగం అతికిస్తాం. ఎడమ సగం ఈవిడ, కుడి సగం ఆ అమ్మాయి. బొటనవేలితో తోసుకుంటూ పోయేవాళ్లు పోల్చి చూస్తారా ఏమిటి." అని, కుర్చీ వైపు చూసింది. "పాపం పెద్దావిడ, చిన్నబుచ్చుకుంటుంది. నాలుగు మెరుపులు మెరిపించి పంపించెయ్యండి."

కెమెరా అతను కెమెరా పొట్ట తెరిచి, ఫోటోలు చేరే గోరంత కార్డుని బయటికి లాగి, బల్లమీద బాబాయ్ టీ కప్పు పక్కన పెట్టాడు. పొట్ట మూశాడు. ఖాళీ కెమెరాని అక్క వైపు ఎత్తాడు. బాబాయ్ కార్డు వైపు చూశాడు. నల్లగా, చిన్నగా ఉంది.

దీపం ఫెళ్లున మెరిసింది. అక్క కళ్లు గట్టిగా మూసుకుంది.

"భయపడుతున్నారు," అంది మేడమ్. "బాబాయ్ గారూ, మీరు కొంచెం నవ్వించండి."

బాబాయ్ ముందుకి వెళ్లాడు. వెళ్లకపోతే ఏమవుతుందో ఆలోచించేలోపు కాళ్లే తీసుకెళ్లాయి. "అక్కా, గడ్డం ఎత్తు. ఇంకాస్త. నిన్నిప్పుడు చూస్తే కొట్లో ఆ అలిగిన ఆడపడుచు కూడా గోడ వదిలేసి నీ వెనకే నడిచొస్తుంది," అన్నాడు. అక్క ఫక్కున నవ్వింది. అలవాటు కొద్దీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత, ఇవాళ అవసరం లేదని గుర్తొచ్చినట్టు, చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుని నవ్వింది. దీపం మెరిసింది. మళ్లీ మెరిసింది. బాబాయ్ ఇంకోటి చెప్పాడు, ఇంకోటి చెప్పాడు. అక్క కళ్లు తుడుచుకుంటూ, "ఒరే ఆపరా, రంగు కారిపోతుంది," అంది.

ఇంటికి నడిచే వెళ్దామంది అక్క. ఎండ ఉన్న వైపునే నడిచింది. మధ్యలో దారాల కొట్టు కనబడితే లోపలికెళ్లింది.

"దారం కొట్లో బోలెడుంది కదే," అన్నాడు బాబాయ్.

"ఉంటే?" అంది అక్క. కొట్టతను లెక్క చూసుకుంటుంటే, అతని మొహానికి ఎదురుగా తన మొహం పెట్టి నిలబడింది.

మూడో రోజుకి వీధి మొత్తానికీ తెలిసిపోయింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల చుట్టూ టేపు తిప్పుతూనే అక్క చెప్పేది: మా తమ్ముడి కంపెనీవాళ్లు నా ఫోటో వేస్తున్నారు, ముందుదీ తర్వాతదీ, చూడండి మరి. పాత ఫోన్లో కంపెనీ పేజీ ఎలా తెరవాలో బాబాయ్ చేతే నేర్చుకుంది. నేర్పుతుంటే బాబాయ్ వేలు రెండుసార్లు తప్పుచోట పడింది.

చెప్పాలనే వచ్చేవాడు. అక్కా, తర్వాతది నీది కాదు. నాలుగే మాటలు, అతను రోజుకి నాలుగొందలు రాస్తాడు. గుమ్మం దాకా తెచ్చుకున్న ఆ నాలుగూ లోపలికి రాగానే వేరే వేషం వేసుకునేవి. "అక్కా," అని మొదలుపెట్టి, "ఈ కోటు ఎవరిదే, లోపల ఇద్దరు కాపురం పెట్టొచ్చు," అని ముగించేవాడు. అక్క నవ్వేది. ఆ నవ్వు వినగానే, చెప్పకపోవడమే మేలేమో అనిపించేది. అనిపించడం కూడా కాదు, అనిపించుకునేవాడు.

ఒకసారి మేడమ్ గది తలుపు తట్టి, "ఆ ముందు ఫోటోలో కళ్లు కత్తిరిస్తే ఎవరో తెలీదు కదండీ," అన్నాడు.

"తప్పకుండా. బుగ్గలే కదా మనకి ముఖ్యం," అంది మేడమ్ ఫోన్లోంచి తల ఎత్తకుండా.

బాబాయ్ తేలికపడ్డాడు. కళ్లతో పాటు తన సిగ్గు కూడా సగం కత్తిరించినట్టే అనుకున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో పాటలు కూడా పాడుకున్నాడు.

పోస్టు వదిలిన రోజు మధ్యాహ్నం బొమ్మల పిల్ల, "వెళ్లిపోయింది బాబాయ్. ఇక మీ ఆడవాళ్లని దింపండి," అంది.

బాబాయ్ ఫోన్ తెరిచాడు. ఎడమవైపు సగం మొహం అక్కది. బుగ్గ ఉంది, బుగ్గపైన కన్ను కూడా ఉంది. ఇంకా మామూలుగా ఎలా ఉండాలో తెలీక చూస్తున్న ఆ కన్నే. కుడివైపు సగం మోడల్‌ది, నవ్వుతోంది. రెండు సగాల మధ్యా సన్నటి తెల్ల గీత. పైన పెద్ద అక్షరాల్లో: మీరు ఎదురుగా నిలబడితే అద్దమే పక్కకి తిరిగిపోతోందా?

అతను ఫోన్‌ని బల్లమీద బోర్లా పెట్టాడు. మళ్లీ తిప్పాడు.

"కళ్లు తీసేస్తామన్నారు."

"కన్ను ఉంటే జనం ఆగి చూస్తున్నారట బాబాయ్. మేడమే ఉంచమన్నారు."

"ఆ మాట..."

"డబ్బాలో అన్నిటికన్నా అదే బాగుంది. నాకు చదవగానే నవ్వొచ్చింది," అంది ఆ పిల్ల, మెచ్చుకోలుగా. "త్వరగా దింపండి, కింద ఖాళీగా ఉంది."

ఖాళీగా ఎంతోసేపు లేదు. బాబాయ్ పక్కింటి పిన్నిని లేపేలోపే నిజం మనుషులు వచ్చేశారు. అద్దం తిరగడం కాదు, పగిలిపోయి ఉంటుంది అన్నాడొకడు. మా ఇంట్లో అద్దం ఈవిణ్ణి తలుచుకుని గోడ దిగనంటోంది అన్నారు ఇంకొకరు. బాబాయ్ విసిరిన బంతిని వీధి వీధంతా అందుకుని ఆడుతోంది. వాటన్నిటి మధ్యా ఒకరు, 'రాసిందెవరో గానీ చేతులకి దండం పెట్టాలి' అన్నారు. దానికి అన్నిటికన్నా ఎక్కువ లైకులు వచ్చాయి. ఇన్నేళ్లూ పేరు లేకుండా రాసి, ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని ఎదురుచూసినవాడు బాబాయ్. ఇప్పుడా దండం చేతుల మీద వేడి టీ పడ్డట్టు చురుక్కుమంది.

నిర్మొహమాటం పేరు మీదికి మారి, టకటకా కొట్టాడు. 'ఈ రెండు సగాలూ ఒకావిడవి కావు. ఎడమవైపు ఆవిడకి ఈ క్రీము పనిచెయ్యలేదు.' పంపాక, ఆ పేరుతో తను రాసిన మొదటి నిజం అదేనని తోచింది.

కాసేపటికి బొమ్మల పిల్ల తల ఎత్తింది. "బాబాయ్, నిర్మొహమాటం మనావిడే కదా? నమ్మకం లేనట్టు రాయమన్నాం గానీ మరీ అంతలానా? పొరపాటున వెళ్లినట్టుంది, తీసేశాను."

చెప్పడానికి అదొక చోటు. ఎదురుగా మనిషి ఉంది, వినడానికి సిద్ధంగా ఉంది.

"ఆఁ, పొరపాటే," అన్నాడు బాబాయ్.

మేడమ్ గదిలోకి వెళ్లేసరికి ఆవిడ చాలా హుషారుగా ఉంది. "బాబాయ్ గారూ, ఇంతమంది ఆగి చూడటం ఇదే మొదటిసారి."

"దాన్ని తీసెయ్యాలండీ. మా అక్క..."

"అక్కగారికి చెప్పే కదా తీసుకొచ్చారు, ముందు ఫోటో మాత్రం ఆవిడదని?"

ఆవిడ నిజంగానే అడిగింది. తెలుసుకోవాలనే అడిగింది. చెప్పలేదండీ అంటే, ఎందుకు చెప్పలేదని అడుగుతుంది.

"చెప్పాను," అన్నాడు.

"మరింకేం. పరిగెత్తేదాన్ని మధ్యలో ఆపకూడదు. కావాలంటే రేపు చూద్దాం."

కొట్టు తలుపు తెరిచే ఉంది. మిషను చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. బాబాయ్ చెప్పులు విప్పి, విప్పిన చోటే కాసేపు నిలబడ్డాడు. లోపల అద్దం ఎప్పట్లాగే గోడవైపు తిరిగి ఉంది. అక్క మొహం కడిగిన మొహం, మామూలు మొహం. పొడవాటి కుట్టు ఒకటి చివరిదాకా నడిపించి, దారం కొరికి, అప్పుడు చూసింది.

"కూర్చో."

బాబాయ్ కూర్చోలేదు. "చూశావా?"

"చూశాను." అక్క గుడ్డని తిరగేసి కుట్టు పరీక్షించింది. "మధ్యాహ్నం తెరిచాను. పైన అక్షరాలే ముందు కనిపించాయి. చదవగానే, ఇది నా కొట్లో అద్దం కదా, మావాడు నా అద్దాన్ని ఫోన్లోకి ఎక్కించేశాడే అనుకున్నాను. నవ్వాను. గట్టిగానే నవ్వాను. అప్పుడే ఒకావిడ కోటు కొలతలకి వచ్చి ఉంది. చూడండీ, మా తమ్ముడే రాశాడు అని ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ ఫోను చూసింది. తర్వాత నన్ను చూసింది. అప్పుడు లాక్కుని నేను చూశాను."

"అక్కా, అది నీకని రాయలేదే. ఒట్టు. ఫోటో తియ్యకముందే రాశాను. మాటలు ముందు రాసేస్తాం, తర్వాత ఏది నప్పితే అది..."

"నాకు కాకపోతే ఎవరికి రాశావు?"

బాబాయ్ చూపు అద్దం మీదికి పోయింది.

"ఎవరిదో ఒకరి మొహమే కదా," అంది అక్క. గొంతు పెంచలేదు. పోయిన గుండుసూది ఎక్కడ పడిందని అడిగినట్టుగా అడిగింది. గుడ్డ మడిచి పక్కన పెట్టింది. మడత మీద అరచేత్తో రెండుసార్లు రాసింది.

"సరే, అదలా పోనీ. నాకు రెండోది కావాలి. రంగు వేశాక తీశారు చూడు, నేను నవ్వుతుంటే, అది. పెద్దది చేయించి ఇక్కడ పెడతాను." కిటికీ పక్కన గోడ చూపించింది. అక్కడ తగిలించి ఉండే కత్తెర అప్పటికే తీసేసి ఉంది, మేకు ఖాళీగా ఉంది. "వచ్చినవాళ్లందరూ ఫోను చూసే వస్తున్నారు. ఇదీ నేనే అని చూపించాలి కదరా నాకు. ఒక్కటి చాలు."

బాబాయ్‌కి కావలసినన్ని అబద్ధాలు తట్టాయి. కంప్యూటరు చెడిపోయిందనొచ్చు. కెమెరా అతను ఊరెళ్లాడనొచ్చు. కెమెరాకి నీ అందం అరగలేదే అని మొదలుపెట్టొచ్చు. మొదలుపెట్టడానికి పెదవులు కదిలాయి కూడా. అక్క అతని పెదవులనే చూస్తోంది, నవ్వడానికి సిద్ధంగా, చిన్నప్పటి నుంచీ చూసినట్టే.

"తియ్యలేదక్కా," అన్నాడు.

"తియ్యకపోవడమేమిటి? అన్నిసార్లు మెరిసింది."

"దీపం మెరిసింది. కెమెరాలో కార్డు లేదు. తీసేసి పక్కన పెట్టాడు."

"ఎందుకు?"

"రంగు నప్పలేదు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని... ఊరికే..."

అక్క మిషను చక్రం మీద చెయ్యి వేసింది. తిప్పలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"అప్పుడే. కార్డు నా టీ కప్పు పక్కనే ఉంది."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అక్క చక్రం మీది చెయ్యి తీసి, గౌను మెడ దగ్గర అల్లికని వెతుక్కుంది. ఇవాళ వేసుకున్నది ఆ గౌను కాదు, అక్కడ అల్లిక లేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మరి నన్నెందుకు నవ్వించావురా?"

బాబాయ్ నేలమీది గుడ్డపీలికల్ని చూశాడు. నీలం, గోధుమరంగు, నలుపు. అతని దగ్గర ఎన్నెన్నో మాటలు ఉన్నాయి, అన్నీ ఎప్పుడో ముందే రాసి పెట్టుకున్నవి. ఈ మొహానికి నప్పేది ఒక్కటీ లేదు.

గుమ్మంలో నీడ పడింది. కోటుకి అంచు సరిచేయించుకోవడానికి ఇంకొకావిడ వచ్చింది. అక్క లేచి, కోటు దులిపి, ఆవిడ భుజాలకి ఎక్కించింది. ఆవిడ అద్దం వైపు నడిచి, గోడవైపు తిరిగి ఉన్నదాన్ని ఇటు తిప్పింది. వదిలేసరికి కీచుమని మళ్లీ పక్కకి పోయింది.

"దీనికి స్క్రూ బిగించొచ్చు కదండీ."

"బిగిస్తానన్నారు," అంది అక్క. తర్వాత, తల తిప్పకుండానే, "ఆ అద్దం పట్టుకో," అంది.

బాబాయ్ అద్దం వెనక్కి వెళ్లి, రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని, ఇటువైపు తిప్పి నిలబెట్టాడు. కనిపించేదానికన్నా బరువుగా ఉంది. ఒకపక్కకి పోదామని లాగుతూనే ఉంది. అద్దం వెనక చెక్క, దానిమీద దుమ్ము, అతని ముక్కుకి జానెడు దూరంలో. పక్కనుంచి తొంగిచూస్తే అక్క కనిపిస్తోంది. నేలమీద మోకాళ్లమీద కూర్చుని, నోటినిండా సూదులు పెట్టుకుని, కోటు అంచు మడుస్తోంది. మధ్యమధ్యలో తల ఎత్తి, అంచు సమంగా వచ్చిందో లేదో అద్దంలో చూసుకుంటోంది. అద్దంలో కోటావిడ ఉంటుంది, పక్కనే అక్క మొహమూ ఉంటుంది. అక్క దాన్ని చూడాల్సిందే, వేరే దారి లేదు. చూస్తోంది, సూది గుచ్చుతోంది, మళ్లీ చూస్తోంది.

"ఈయనేనా మీ తమ్ముడు? సరదా మనిషని చెబుతుంటారు," అంది కోటావిడ.

అక్క సూదుల్ని నోట్లోంచి ఒక్కొక్కటే తీసింది.

"అద్దం పట్టుకోవడానికొచ్చాడు," అని, సూదులు మళ్లీ నోట్లో పెట్టుకుంది.

బాబాయ్ చొక్కా జేబులో ఫోన్ అదిరింది. ఆగి, మళ్లీ అదిరింది. పక్కింటి పిన్నికీ, కాలేజీ కోతికీ, నిర్మొహమాటానికీ కలిపి ఒకటే ఫోను. పోస్టు ఇంకా పరిగెడుతూనే ఉన్నట్టుంది. తీసి నొక్కెయ్యడానికి చేతులు ఖాళీ లేవు. ఒక్కో అదురూ అతని గుండె మీంచి చేతుల్లోకి, చేతుల్లోంచి చెక్కలోకి పాకి, అద్దం సన్నగా వణికింది.

"కదపకు," అంది అక్క, సూదుల మధ్యనుంచి.